వేగంగా పోయే కారుకు వీల్ బేరింగు గ్రీజు ఏది?

(తిరుపతిలో మెకానిక్‌లు, ఆటోమొబైల్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. పని రోజు షాపులు మూసుకుని వచ్చారు, దానికి ముందుగా కృతజ్ఞతలు. ముందు వరుసలో పెద్దవాళ్లున్నారు, చేతులు చూస్తేనే తెలుస్తుంది ఎన్ని హబ్బులు, అంటే చక్రం మధ్య భాగాలు, విప్పారో. వెనక కాలేజీ పిల్లలున్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడతాను. ఎక్కడైనా అర్థం కాకపోతే అక్కడే ఆపండి, చివరిదాకా మనసులో పెట్టుకోవద్దు.

మన ఊళ్లో కార్లు మారాయి. టర్బో బండ్లు వచ్చాయి. పాత మెర్సిడెస్‌లు, జీపులు కొని తయారు చేయించుకుంటున్న కుర్రాళ్లున్నారు. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మనకు ఒక పూట ప్రయాణం, వారాంతం వస్తే అక్కడికి పోయేవాళ్లూ ఉన్నారు. ఇంజన్ గురించి అడుగుతారు, టైర్ల గురించి అడుగుతారు. నాలుగు చక్రాలను మోసే బేరింగుల్లో ఏం పెట్టామో మాత్రం ఎవరూ అడగరు.

మనం స్పేర్ పార్టుల షాపుకు పోయి ఏమంటాం? 'అన్నా, వీల్ బేరింగుకు మంచి గ్రీజు ఇవ్వు' అంటాం. షాపాయన ఏపీ3 అనే మామూలు గ్రీజు డబ్బా తీసి ఇస్తాడు. 'ఇది కాదన్నా, స్పీడు బండి' అంటే? అప్పుడు ఎర్రగా ఉండేదో నీలంగా ఉండేదో తీస్తాడు. ధర చాలా ఎక్కువ. ధర ఎక్కువ కాబట్టి మంచిదే అయ్యుంటుందని తెచ్చుకుంటాం. ఆ డబ్బా వెనక ఏం రాశారో మీలో ఎంతమంది చదివారు? చేతులెత్తండి. ఇద్దరు. తప్పు పట్టడానికి అడగలేదు. చదవమని మనకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఈ పూట ఆ డబ్బా చదవడం నేర్చుకుందాం.

ముందు ఒక లెక్క చేద్దాం. వేగంగా పోయే బండికి 'హై స్పీడ్' గ్రీజు కావాలని అందరూ అనుకుంటారు. నిజంగా కావాలా? కారు టైరు ఒక్క చుట్టు తిరిగితే బండి దాదాపు 2 మీటర్లు ముందుకు పోతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగం అంటే నిమిషానికి 1,667 మీటర్లు. రెండుతో భాగించండి, 833 చుట్లు. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో పోతే? 1,667 చుట్లు. మన పొలంలో బోరు మోటారు నిమిషానికి 2,800 చుట్ల పైనే తిరుగుతుంది. అంటే 200 మీద పోయే కారు చక్రం బోరు మోటారంత వేగంగా కూడా తిరగడం లేదు.

పిల్లలు రాసుకోండి. బేరింగు సగటు వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని నిమిషానికి తిరిగే చుట్లతో గుణించాలి. 60 మిల్లీమీటర్ల బేరింగు, 1,667 చుట్లు, గుణిస్తే లక్ష. మామూలు లిథియం గ్రీజు కూడా ఈ లెక్కలో మూడు లక్షల దాకా ఇబ్బంది పడదు. కాబట్టి చక్రం బేరింగులో వేగం మనకు సమస్యే కాదు. డబ్బా మీద 'హై స్పీడ్' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే, అది మన పనికి ఏమీ చెప్పడం లేదని తెలుసుకోండి.

మరి సమస్య ఏది? వేడి. ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు దీన్ని పుస్తకం పెట్టి చెప్పనక్కర్లేదు. తిరుమల నుంచి దిగే దారి ఉంది కదా, 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు. కొండ పైకీ కిందికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,500 కిలోల బండి ఆ ఎత్తు దిగితే ఎంత శక్తి వస్తుంది? బరువు, గురుత్వం, ఎత్తు మూడూ గుణించండి. కోటి జౌళ్ల పైన. కరెంటు లెక్కలో చెప్తే దాదాపు మూడు యూనిట్లు. వేగం పెరగకుండా దిగాలంటే ఆ మూడు యూనిట్లూ ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. కొంత గాలికి పోతుంది, కొంత టైర్లకు పోతుంది. గేరులో దిగితే కొంత ఇంజన్ ఆపుతుంది. న్యూట్రల్‌లో దిగితే? ఆ వాటా కూడా బ్రేకుల మీదే పడుతుంది. బ్రేకులో పడిందంతా వేడిగా మారుతుంది.

ఆ వేడి బ్రేకు డిస్కులోనే ఆగిపోదు. డిస్కు దేనికి బిగించి ఉంది? హబ్బుకు. హబ్బు లోపల ఏముంది? బేరింగు. ఇనుము గుండా వేడి మెల్లగా లోపలికి పాకుతుంది. ట్రాక్ మీద గట్టిగా బ్రేకు కొట్టే బండికి డిస్కు 500 డిగ్రీలు దాటడం మామూలే. బేరింగు దాకా అంత రాదు. కానీ రోడ్డు మీద 60, 70 డిగ్రీల్లో ఉండే హబ్బు అక్కడ 120, 130కి పోతుంది. ఇంకొక మాట. బండి పోతున్నంతసేపు గాలి తగిలి డిస్కు చల్లబడుతూ ఉంటుంది. ఘాట్ దిగి అలిపిరి దగ్గర టక్కున ఆపేశారనుకోండి, గాలి లేదు, డిస్కులో ఉన్న వేడికి పోయే దారి లేదు, హబ్బులోకి వస్తుంది. అందుకే బండి ఆపాక కూడా కాసేపు బేరింగు వేడెక్కుతూనే ఉంటుంది. ట్రాక్ నుంచి వచ్చిన బండిని రెండు మూడు కిలోమీటర్లు బ్రేకు తగలకుండా మెల్లగా తిప్పి అప్పుడు ఆపండి. గ్రీజు మార్చడం కంటే ముందు చేయాల్సిన పని ఇది, దీనికి పైసా ఖర్చు లేదు.

వేడెక్కితే గ్రీజుకు ఏమవుతుంది? బేరింగు తయారుచేసేవాళ్లు వాడే ఒక లెక్క ఉంది. 70 డిగ్రీల పైన ప్రతి 15 డిగ్రీలు పెరిగినప్పుడల్లా గ్రీజు ఆయుష్షు సగం అవుతుంది. 85కి సగం. 100కి పావు. 115కి ఎనిమిదో వంతు. 130కి పదహారో వంతు. పెద్దాయనా, మీరు తల ఊపుతున్నారు. రోడ్డు మీద నాలుగేళ్లు నిలవాల్సిన గ్రీజు 130 డిగ్రీల్లోనే ఉంటే మూడు నెలలు. బండి రోజంతా ఆ వేడిలో ఉండదు, నిజమే. అయినా 'కంపెనీ 40,000 కిలోమీటర్లు చెప్పింది' అని ట్రాక్ బండి ఓనరు వాదిస్తే ఈ లెక్క చూపించండి.

సరే, డబ్బా దగ్గరికి వద్దాం. గ్రీజు అంటే ఏమిటి? నూనె. నూటికి 70 నుంచి 95 పాళ్లు నూనే. మిగతాది ఆ నూనెను కారిపోకుండా పట్టి ఉంచే చిక్కని పదార్థం, దాన్ని థికెనర్ అంటారు. చాలా గ్రీజుల్లో అది ఒక రకం సబ్బు. పైన కొద్దిగా మందులు, అంటే తుప్పు పట్టకుండా, అరగకుండా కలిపేవి. బేరింగు లోపల రోలరుకూ, అది దొర్లే దారికీ మధ్య పనిచేసేది ప్రధానంగా ఆ నూనె. ఈ మాట గట్టిగా గుర్తుంచుకోండి, ఎందుకంటే డబ్బా వెనక నూనె గురించి రాసిన లైనే మనం చదవం.

మనం ఏం చదువుతాం? డ్రాపింగ్ పాయింట్. 'అన్నా, దీనికి 260 డిగ్రీలు, దానికి 190 డిగ్రీలు, ఇదే మంచిది.' డ్రాపింగ్ పాయింట్ అంటే చిన్న కప్పులో గ్రీజు పెట్టి వేడి చేస్తూ పోతే మొదటి చుక్క రాలే ఉష్ణోగ్రత. అంటే అక్కడ గ్రీజు కట్టు తప్పిపోయింది. అది పనిచేసే ఉష్ణోగ్రత ఎలా అవుతుంది? దానికి కనీసం యాభై అరవై డిగ్రీలు కిందే ఆగాలి. ఆ కింద కూడా లోపలి నూనె తట్టుకోవాలి కదా. డ్రాపింగ్ పాయింట్ 300 అని రాసి, లోపల మామూలు మినరల్ నూనె ఉందనుకోండి, 150 దగ్గరే ఆ నూనె మాడి నల్లబడుతుంది. గ్రీజు కారదు, హబ్బులోనే ఉంటుంది, కానీ ఎండి గట్టిపడి ఉంటుంది. అలాంటి హబ్బులు మీరు విప్పే ఉంటారు. గ్రీజు కనబడుతూనే ఉంటుంది, బేరింగు పోయి ఉంటుంది.

మరి నూనె గురించి ఏం చూడాలి? రెండు చూడాలి. ఒకటి, బేస్ ఆయిల్ విస్కాసిటీ, 40 డిగ్రీల దగ్గర ఎంత అని. సెంటీస్టోక్స్‌లో ఇస్తారు. అంకె పెద్దదైతే నూనె చిక్కన. రెండు, ఆ నూనె మినరలా, సింథటిక్కా. ఎందుకు చూడాలి? వేడికి నూనె పలచబడుతుంది. 40 డిగ్రీల్లో 220 ఉండే మినరల్ నూనె 100 డిగ్రీలకు వచ్చేసరికి సుమారు 19కి పడిపోతుంది. 220 నుంచి 19. అదే 220 ఉన్న పీఏవో రకం సింథటిక్ అయితే 100 డిగ్రీల్లో 25 దాకా నిలుస్తుంది. వేడిలో ఆ ఆరేడు అంకెల తేడా చిన్నది కాదు.

ఇక్కడ ఘాట్ సంగతి మళ్లీ తెస్తాను. రోలరు తిరిగే వేగమే తన కింద నూనె పొరను నిలబెడుతుంది. వేగం తగ్గితే పొర పలచన. మలుపుల్లో 30 మీద దిగుతున్నాం, హబ్బేమో కాలుతోంది. వేగం తక్కువ, వేడి ఎక్కువ, పైగా మలుపులో బరువంతా బయటి చక్రం మీదికి ఒరుగుతోంది. నూనె పొరకు అంతకంటే కష్టకాలం లేదు. కాబట్టి మనలాంటి చోట 100 కంటే 150 నుంచి 220 మధ్య ఉండే బేస్ ఆయిల్ మంచిదని నా అభిప్రాయం. చలిదేశాల రేసు బండ్ల కోసం చేసిన పలచని నూనె గ్రీజులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. చక్రం తేలిగ్గా తిరుగుతుందని వాటి ప్రచారం. మే నెలలో 42 డిగ్రీల ఎండలో నిలబడి ఉన్న బండికి ఆ తేలిక మనకెందుకు?

ఇప్పుడు థికెనర్. ఏపీ3, ఎంపీ3 అని మనం వాడేవి మామూలు లిథియం సబ్బు గ్రీజులు. లిథియం గ్రీజుకు 1942లో అమెరికాలో పేటెంటు వచ్చింది. అంతకు ముందు మామూలు కాల్షియం గ్రీజు ఉండేది, నీళ్లకు తట్టుకుంటుంది కానీ 100 డిగ్రీల లోపే కరిగిపోతుంది. సోడియం గ్రీజు ఉండేది, వేడికి తట్టుకుంటుంది కానీ నీళ్లు తగిలితే కొట్టుకుపోతుంది. లిథియం వచ్చాక రెండు బాధలూ తగ్గాయి. డ్రాపింగ్ పాయింట్ 190 చుట్టుపక్కల ఉంటుంది. రోజూ ఆఫీసుకు పోయొచ్చే బండికి ఏపీ3 బాగానే పనిచేస్తుంది. నేను దాన్ని చులకన చేయడం లేదు. కానీ ఎక్కువసేపు 120 దాటే హబ్బుకు అది చాలదు.

దాని పై మెట్టు లిథియం కాంప్లెక్స్. డ్రాపింగ్ పాయింట్ 250, 260 దాటుతుంది. మంచి నూనెతో చేస్తే 150 దాకా పనిచేస్తుంది. దొరకడం తేలిక, పాత లిథియం అవశేషంతో సాధారణంగా పేచీ ఉండదు. ఇంకొకటి కాల్షియం సల్ఫోనేట్ కాంప్లెక్స్. ఇది వేడికి నిలుస్తుంది, నీళ్లకు నిలుస్తుంది, బరువు మోసే గుణం థికెనర్‌లోనే ఉంటుంది. ధర ఎక్కువ. వాగులు దాటే జీపులకు, ర్యాలీ బండ్లకు నేనైతే దీన్నే ఎంచుకుంటాను. పాలీయూరియా ఉంది, సీలు వేసిన బేరింగుల్లో, కరెంటు మోటార్లలో కంపెనీవాళ్లు నింపేది. చాలా మంచిది, కానీ వేరే గ్రీజుతో కలిస్తే చాలాసార్లు చెడుతుంది. బెంటోనైట్ మట్టితో చేసేది ఇంకొకటి, దానికి డ్రాపింగ్ పాయింటే ఉండదు. ఉండదు కదా, ఇంక భయం లేదు అనుకుంటారు. లోపల నూనెకు హద్దు ఉంది, పైగా అది మిగతా గ్రీజులతో అసలు పొసగదు.

కలిస్తే ఏమవుతుంది? రెండూ మంచి గ్రీజులే. కలిపాక రెండు థికెనర్లూ ఒకదాని పట్టు ఒకటి విడిపిస్తాయి, నూనె వదిలేస్తాయి. పలచబడి, గ్రీజును లోపల ఆపే సీలు నుంచి కారుతుంది, ఆ కారింది డిస్కు మీదో, బ్రేక్ ప్యాడ్ల మీదో పడుతుంది. చక్రం పక్కన నూనె చెమర్చితే ఓనరు 'సీలు పోయింది' అంటాడు, మనం సీలు మారుస్తాం, నెలకు మళ్లీ కారుతుంది. సీలు తప్పు కాదది. కాబట్టి కొత్త గ్రీజు ఏదైనా, పాతది పూర్తిగా కడిగి తీయాల్సిందే. పాతది ఏదో తెలియనప్పుడు మరీను.

రంగు గురించి ఒకే మాట. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, అన్నీ కలిపిన రంగులే. ఏ రంగుకు ఏ గ్రీజు అనే నియమం ఎక్కడా లేదు. రెండు నీలం గ్రీజులు ఒకటేనని కలపొద్దు.

డబ్బా మీద 2, 3 అంకెలుంటాయి కదా, అది ఎన్ఎల్‌జీఐ నంబరు. గ్రీజు ఎంత గట్టిగా ఉందో చెప్తుంది, ఎంత మంచిదో చెప్పదు. 25 డిగ్రీల్లో, బాగా కలియదిప్పిన గ్రీజు మీద ఒక కోను వదిలి, 5 సెకన్లలో ఎంత లోతు దిగిందో కొలుస్తారు. 26.5 నుంచి 29.5 మిల్లీమీటర్లు దిగితే అది 2. 22 నుంచి 25 దిగితే 3. ఏపీ3లో 3 అంటే అదే. గట్టి గ్రీజు హబ్బులో నిలబడుతుంది కానీ రోలరు దగ్గరికి నూనె తక్కువగా వదులుతుంది. వేగంగా పోయే కారుకు 2 పెట్టండి. వేడికి కారిపోతుందనే భయంతో 3కి పోవద్దు. కారకుండా చూసేది థికెనర్ రకం, ఈ అంకె కాదు.

నల్ల గ్రీజు గురించి ఎవరో అడుగుతున్నారు. అవును తమ్ముడూ, మాలిబ్డినం కలిపింది. డ్రైవ్ షాఫ్టు జాయింట్లకు, అంటే సీవీ జాయింట్లకు అది మంచిది, అక్కడ ఒకదాని మీద ఒకటి జారుతుంది. వీల్ బేరింగులో రోలర్లు దొర్లాలి. ఎక్కువ మోతాదులో మాలిబ్డినం ఉంటే రోలరు దొర్లకుండా జారే ప్రమాదం ఉంది. జాయింటు కిట్టులో మిగిలిన ట్యూబు ఉంది కదా అని హబ్బులో పిండొద్దు. బ్రేక్ పిన్నులకు పూసే రాగి పేస్టు కూడా బేరింగులోకి వద్దు, అది గ్రీజే కాదు.

ఇంత చూడటం కష్టం, ఒక్క గుర్తు చెప్పండి అంటారా? ఉంది. జీసీ-ఎల్‌బీ. అమెరికా ప్రమాణం అది. జీసీ అంటే చక్రాల బేరింగుల పరీక్షల్లో పై తరగతి, ఎల్‌బీ అంటే ఛాసిస్ భాగాలకు పై తరగతి. జీసీలో డ్రాపింగ్ పాయింట్ 220కి తగ్గకూడదు, సీళ్లను పాడుచేయకూడదు, వేడిలో కారకూడదు, ఇలా చాలా పరీక్షలుంటాయి. ఆ గుర్తున్న డబ్బా తీసుకుంటే కనీసం అడుగున పడరు. నన్ను కచ్చితంగా చెప్పమంటే: లిథియం కాంప్లెక్స్, సింథటిక్ నూనె, 40 డిగ్రీల్లో 150 నుంచి 220 మధ్య, ఎన్ఎల్‌జీఐ 2, జీసీ-ఎల్‌బీ గుర్తు. ఘాట్‌కూ ట్రాక్‌కూ అదే. నీళ్లలో దిగే బండికి కాల్షియం సల్ఫోనేట్. కంపెనీ పేరు మీ ఇష్టం. బండి మాన్యువల్‌లో వేరే రకం రాసి ఉంటే మాన్యువల్ మాటే వినండి.

కొందరు అనుకుంటూ ఉంటారు, 'ఇప్పటి కార్లకు హబ్బే సీలు చేసి వస్తుంది, గ్రీజు ఎక్కడ పెట్టేది?' నిజం. ఇప్పుడొచ్చే కార్లలో ఎక్కువ భాగం రెండు వరుసల బేరింగు ఒకే ముక్కగా, లోపల గ్రీజుతో, సీళ్లతో వస్తుంది. దాన్ని విప్పి గ్రీజు మార్చే ప్రయత్నం చేయొద్దు. సీలు పెకలిస్తే మళ్లీ అలా కూర్చోదు. కొన్నింటిలో ఏబీఎస్ (బ్రేకు కొట్టినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) సెన్సరు చదివే అయస్కాంతపు రింగు ఆ సీలులోనే ఉంటుంది. దానికి గీత పడినా, బెంచీ మీద అయస్కాంతం పక్కన పెట్టినా ఏబీఎస్ లైటు వెలుగుతుంది. బిగించేటప్పుడు రింగు ఉన్న వైపు సెన్సరు వైపే ఉందో లేదో చూసుకోండి. అలాంటి బండిలో మన చేతిలో ఉన్నది గ్రీజు ఎంపిక కాదు. సరైన బేరింగు కొనడం, టార్క్ రెంచితో బిగించడం, అంతే.

మరి ఈ గ్రీజు సంగతంతా ఎవరికి? విడి టేపర్ రోలర్ బేరింగులున్న, అంటే ఒకవైపు సన్నబడే రోలర్లతో, విప్పి గ్రీజు పెట్టగల బేరింగులున్న బండ్లకు. పాత జీపుల ముందు హబ్బులు, 1995లో పూణేలో తయారీ మొదలైన మెర్సిడెస్ డబ్ల్యూ124 ముందు చక్రాలు, పాత ఎయిర్ కూల్డ్ పోర్షే 911 ముందు చక్రాలు, బండ్లను మోసుకుపోయే ట్రైలర్లు. ట్రైలర్ అంటే గుర్తొచ్చింది. రేసు కారును చెన్నై దాకా ట్రైలర్ మీద తీసుకుపోతారు కదా. దారంతా ఆ కారు చక్రం తిరగదు, కుదుపు మాత్రం తగులుతూ ఉంటుంది. రోలర్లు ఒకేచోట కొట్టుకుని, అవి దొర్లే దారి మీద వరుసగా మచ్చలు పడతాయి. ట్రాక్‌కు పోయి రాగానే మోత మొదలైందంటే గ్రీజునే తిట్టకండి, ఆ మచ్చలు చూడండి.

ఇంకొకటి, గ్రీజు సరిచేయలేని తప్పు. వెడల్పు టైర్లు వేస్తారు, రిమ్ము బయటికి రావాలని స్పేసర్లు వేస్తారు. 25 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే చక్రం మీద పడే బరువు అంత బయటికి జరిగింది. రెండు బేరింగులూ పంచుకోవాల్సిన బరువు బయటి చిన్న బేరింగు మీదికి పోతుంది. ఎంత ఖరీదైన గ్రీజు పెట్టినా ఆ బేరింగు ముందు పోతుంది. ఓనరుకు ముందే చెప్పండి.

నీళ్ల సంగతి. 2021 నవంబరు వానలు ఎవరు మరిచిపోతారు? వీధుల్లో కార్లు మునిగాయి. వేడిగా ఉన్న హబ్బు చల్లని నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని సీలు అంచు నుంచి నీటిని లోపలికి లాగుతుంది. ఆ హబ్బు విప్పితే గ్రీజు పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది. ఆ రంగు కనబడితే పైపైన కొత్త గ్రీజు పూసి మూయొద్దు. మొత్తం తీసి, కడిగి, రోలర్ల మీద తుప్పు చుక్కలున్నాయేమో చూసి, ఒక్క చుక్క కనబడినా బేరింగు మార్చేయండి. ఈ ఈశాన్య వానలు మనకు ఏటా వచ్చేవే కాబట్టి విడి బేరింగులున్న బండి ఓనర్లను అక్టోబరుకు ముందే పిలవండి.

ఇక చేతి పని. పెద్దవాళ్లకు తెలిసిందే, పిల్లల కోసం చెప్తాను. పాత గ్రీజు తుడిచేటప్పుడు పారేయకుండా వేలి మధ్య రుద్ది చూడండి. ఇసుకలా తగిలితే దుమ్ము లోపలికి పోతోంది, సీలు చూడాలి. మెరిసే పొడి కనబడితే లోహం అరుగుతోంది. తరవాత కిరోసిన్‌లో బ్రష్‌తో కడగండి. పెట్రోలు వద్దు, నిప్పు ప్రమాదం. కడిగాక పూర్తిగా ఆరాలి, రోలర్ల సందుల్లో కిరోసిన్ మిగిలితే కొత్త గ్రీజును పలచన చేస్తుంది. కంప్రెసర్ గాలితో ఊదండి, కానీ కేజిని, అంటే రోలర్లను పట్టి ఉంచే చట్రాన్ని, పట్టుకుని ఊదండి. గాలికి బేరింగును గిర్రున తిప్పి శబ్దం వింటూ ఆడుకునేవాళ్లున్నారు. పొడి రోలర్లు గీసుకుంటాయి, కేజి చిట్లితే రోలరు కంటికి తగులుతుంది. దయచేసి ఆ ఆట ఎవరూ ఆడొద్దు.

ఆరాక వెలుతురులో పెట్టి రోలర్ల రంగు చూడండి. వెండిలా ఉంటే బాగుంది. లేత గోధుమ రంగు, ఎండుగడ్డి రంగు తిరిగితే ఆ ఉక్కు సుమారు 200 డిగ్రీలు చూసింది. నీలం తిరిగితే 300 దాకా పోయింది, గట్టిదనం పోయింది. అది ఎంత నున్నగా ఉన్నా మళ్లీ వేయొద్దు. ఒక్కోసారి గ్రీజు మరకే గోధుమ రంగులో ఉంటుంది. గుడ్డకు కొద్దిగా పాలిష్ రాసి రుద్దండి. మరకైతే పోతుంది, కాలిన రంగు అంత తేలిగ్గా పోదు. ఎప్పుడు మార్చినా కోనుతో, అంటే రోలర్లున్న లోపలి ముక్కతో, పాటు హబ్బులో దిగి ఉన్న కప్పు కూడా మార్చండి, రెండూ జత.

గ్రీజు నింపడం. అరచేతిలో గ్రీజు వేసుకుని, బేరింగు పెద్ద అంచును దాంట్లో ఒత్తుతూ లాగాలి. చిన్న అంచు పైనుంచి గ్రీజు తీగలా బయటికి వచ్చేదాకా ఒత్తాలి. కొంచెం తిప్పి మళ్లీ ఒత్తాలి, చుట్టూ. పైన రాస్తే లోపలికి పోతుందని అనుకోవద్దు, పోదు. బేరింగు నిండా ఉండాలి, హబ్బు ఖాళీలో మాత్రం మూడో వంతు నుంచి సగం దాకా చాలు. హబ్బంతా కూరితే ఏమవుతుంది? వేడికి గ్రీజు వ్యాకోచించాలి, చోటు లేదు. సీలును తోసుకుని బయటికి వస్తుంది, ఎటు? బ్రేకుల వైపు. సీలు పెదవికి కూడా వేలితో సన్నగా పూయండి, పొడి సీలు మొదటి కిలోమీటరులోనే అరుగుతుంది.

నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ బిగించండి, రోలర్లు సర్దుకుంటాయి. తరవాత వదులు చేసి, మాన్యువల్ చెప్పిన ప్లే, అంటే సన్నని వదులు, వచ్చేలా మెల్లగా దగ్గరికి తీయండి. ఈ ప్లే మిల్లీమీటరులో పదో వంతు లోపు ఉంటుంది, చేతి అంచనా చాలదు, డయల్ గేజి పెట్టండి. స్ప్లిట్ పిన్ను ప్రతిసారీ కొత్తది. బిగుతు ఎక్కువైతే చల్లగా ఉన్నప్పుడు బాగానే తిరుగుతుంది, ఘాట్‌లో వేడెక్కి బిగుసుకుని నీలం తిరుగుతుంది. అప్పుడు అందరూ గ్రీజునే అంటారు.

డబ్బా తెరిచినప్పుడు పైన కొద్దిగా నూనె తేలి ఉంటే చెడిపోయిందని పారేయొద్దు. కొంచెమైతే శుభ్రమైన పుల్లతో లోపలికి కలిపేయండి. బాగా ఎక్కువ తేలితే, అడుగున ముద్ద గట్టిపడితే, అది వాడొద్దు. మూత తీసి బెంచీ మీద వదిలేసిన డబ్బా, పక్కనే గ్రైండరు నడుస్తున్న డబ్బా, అది ఎంత మంచి గ్రీజైనా వీల్ బేరింగుకు పనికిరాదు. ట్రాక్ బండికి వేరే చిన్న డబ్బా పెట్టుకోండి, దాని మీద పేరు, తెరిచిన తేదీ రాయండి.

అక్కడ ఒక తమ్ముడు చేయెత్తాడు, చెప్పు. ట్రాక్‌కు పోయే బండికి ఎన్నాళ్లకు మార్చాలి అంటున్నాడు. కిలోమీటర్లు లెక్క పెట్టొద్దు. ట్రాక్‌కు పోయి వచ్చిన ప్రతిసారీ జాకీ ఎత్తి చక్రాన్ని పైన కింద పట్టుకుని ఊపి చూడు, చేత్తో తిప్పి విను. విడి బేరింగులైతే రేసుల సీజను మొదలయ్యే ముందు ఒకసారి పూర్తిగా కడిగి కొత్తది పెట్టు. మధ్యలో బ్రేకు ప్యాడ్లు కాలి వాసన వచ్చిన రోజు ఉంటే, ఆ మర్నాడే మూత తీసి గ్రీజు చూడు. తీసిన ప్రతిసారీ రంగు, ప్లే ఎంత, ఏ గ్రీజు పెట్టావు, ఇవి రిజిస్టరులో రాయి. తరవాత ఆ బండి వేరే మెకానిక్ చేతికి పోయినా లోపల ఏముందో అతనికి తెలియాలి. ఓనరు బిల్లు మీద కూడా గ్రీజు పేరు రాసి ఇవ్వు.

ఇంకెవరైనా అడగాలనుకుంటే ఇక్కడికి రండి, నాలుగు రకాల గ్రీజులు, రంగు తిరిగిన కొన్ని బేరింగులు బల్ల మీద పెట్టాను. చేతిలోకి తీసుకుని చూడండి.